జొన్నకూడు – నల్లనాలుక

1965వ సంవత్సరమున లండనునుండి వెలువడు 'లాన్సెట్' వైద్యపత్రికలో హైదరాబాదు శాస్త్రజ్ఞులగు భవానీ బెలవాడి, సి. గోపాలన్ గార్లు ఒక చిన్న వ్యాసము ప్రకటించిరి. జొన్నలు ప్రధానముగా గల ఆహారమును తినిన కుక్కలకు నల్లనాలుక యను వ్యాధి కలిగినదని అందలి సారాంశము. పుటల లెక్కన చూచిన అది అల్పమే. కాని తెలంగాణపు మెట్టపొలములలో తరతరములుగా జొన్నరొట్టెతోను జొన్నగటకతోను ప్రాణము నిలుపుకొనుచు వచ్చిన కూలిజనుల మెడలమీద, ముంజేతులమీద ఎండ తగిలినచోటనెల్ల లేచు నల్లని మచ్చలకును, వారి విరేచనములకును, మతిభ్రమణమునకును మూలమెక్కడ నున్నదో వెదకుటలో ఆ కుక్కగిన్నె ఒక సాక్ష్యమైనది. కుక్క తినుదానిని గూర్చి ఈ నగరమున జరిగిన విచారణలలో ఇంతకు మించిన విలువ గలది నాకు కనబడలేదు. అందుచేత, నేడు ఇంటింట వినవచ్చుచున్న 'మా కుక్కకు ఏమి పెట్టవలె'నన్న ప్రశ్నను అక్కడినుండియే ఆరంభింపదలచితిని.

ఆ ప్రయోగశాల మనకు దూరమైనది కాదు. అమీర్‌పేట మెట్రో స్టేషనులో నీలిమార్గపు బండి యెక్కి తూర్పుగా బేగంపేట, ప్యారడైజు, మెట్టుగూడలు దాటి తార్నాకలో దిగినచో, ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణల చెంత జాతీయ పోషకాహార సంస్థ కలదు. అదే అమీర్‌పేటనుండి ఎర్రమార్గమున ఒక్క స్టేషను దక్షిణమునకు పోయిన పంజాగుట్ట. ఈ రెండు పేటల నడుమ రాత్రివేళ నడచిన వారికి రెండు దృశ్యములు ఒకదాని వెంట నొకటి కనబడును. సాఫ్ట్‌వేరు కోర్సుల బోర్డులు క్రిక్కిరిసిన వీథుల వెనుక, హాస్టళ్ల మెస్సులు మూయు సమయమున, మిగిలిన సాంబారన్నమును గోడవార కుమ్మరించగా వీథికుక్కలు నాలుగైదు చేరి మూతులు ముంచుచుండును. పెద్దవీథికి వచ్చినంతనే పెంపుడుజంతువుల దుకాణములో నిగనిగలాడు సంచులు నేలనుండి కప్పువరకు పేర్చియుండును. వాటి వెనుక భాగమున చీమతలకాయలంత అక్షరములలో ముద్రించిన పదార్థముల పట్టికను చదివి కొనువారు అరుదు. ఆ సాంబారన్నములో నేమున్నదో పోయువారికి పట్టదు, ఈ సంచిలో నేమున్నదో కొనువారికి తెలియదు.

కుక్కకు ఇంత ముద్ద పెట్టుట మనకు కొత్త కాదు. గృహస్థుడు నిత్యము చేయవలసిన వైశ్వదేవములో భూతబలియందు కుక్కలకును అన్నము విడువవలెనని ధర్మశాస్త్రములు విధించినవి. నన్నయభట్టారకుని భారతములో కథ కదలునదే సరమ అను దేవశునితో. జనమేజయుని యజ్ఞశాలకు వచ్చిన దాని బిడ్డను అకారణముగా కొట్టి తరిమినందుకు ఆ తల్లి రాజును నిలదీసినది. కల్యాణ చాళుక్యప్రభువు సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో రచించిన మానసోల్లాసమున వేటకుక్కల వినోదమునకు ఒక ప్రకరణమే కలదు. కొల్లేటి చెంగట జొనంగికుక్క బాతులమందలను కాచెను. ఇంతటి చరిత్ర యున్నను పల్లెకుక్క గిన్నెలో పడినది ఆ యింటివారి కంచములో మిగిలినదే: కోస్తాలో గంజియు చద్దన్నమును, రాయలసీమలో సంకటి, తెలంగాణమున గటక, పండుగనాడు ఇన్ని యెముకలు. పలనాటి జొన్నకూటిని శ్రీనాథుడు చాటువులలో ఈసడించుకొనెనని ప్రసిద్ధి. ఆ కూడే ప్రజకును, ప్రజ వాకిట కావలియున్న కుక్కకును జీవనాధారము. ఒకే కుండలోని కూడు ఇరువురకు దక్కుచుండుటచేతనే, ఆ కూటిలోని లోపము ఇరువురి దేహములందును ఒకే తీరున బయలుపడుటకు వీలు కలిగినది.

కూలిజనుల ఆ మచ్చల, మతిభ్రమణముల రోగమునకు పెల్లాగ్రా అని పేరు. ఆ పేరు అమెరికా దక్షిణ రాష్ట్రములలో ఒకప్పుడు భయంకరమైనది. మొక్కజొన్న తప్ప అన్యము దొరకని పేదలు వేలకొలది దానివాత బడుచుండ, అది అంటువ్యాధియని అక్కడి వైద్యులనేకులు నమ్మిరి. 1914లో ప్రభుత్వము నియోగించిన జోసెఫ్ గోల్డ్‌బెర్గర్, అనాథశాలలలో పాలు, మాంసము, పప్పులు చేర్చి పెట్టించి, అది అంటు కాదనియు, తిండిలోని లేమి యనియు నిరూపించెను. ఆ పిమ్మట ఆయన దృష్టి కుక్కలమీదికి మరలినది. అదే తరహా పేదతిండి తినిన కుక్కలకు నోరు పుండ్లుపడి, నాలుక నల్లబారి, చొల్లు కారుచు చచ్చు జబ్బు ఒకటి కలదనియు, ఈస్టు పెట్టిన అది మరలుననియు గమనించి, మనుష్యుని పెల్లాగ్రాయు కుక్కయొక్క నల్లనాలుకయు ఒకే లోపమునకు రెండు రూపములని ఆయన తలచెను. గోల్డ్‌బెర్గర్ 1929లో మరణించెను. 1937లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున కాన్రాడ్ ఎల్వేజెమ్ బృందమువారు కాలేయమునుండి నికోటినిక్ ఆమ్లమును, అనగా నేడు మనము నయాసిన్ అనుదానిని వేరుచేసి, చావనున్న కుక్కలకిచ్చి బ్రతికించిరి. అనతికాలముననే అది మనుష్యులకును ఔషధమైనది.

ఇంతవరకు మొక్కజొన్న కథ. హైదరాబాదు కథ ఇందుకు భిన్నము. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి విచారణకై స్థాపించిన చిన్న ప్రయోగశాల పెరిగి, పోషకాహార పరిశోధనశాలలను పేర 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది; 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మారినది. ఇక్కడికి చేరిన శాస్త్రజ్ఞుల యెదుటికి వచ్చిన పెల్లాగ్రా రోగులు మొక్కజొన్న తినువారు కారు, జొన్న తినువారు. ఇదియే చిక్కు. మొక్కజొన్నలోని నయాసిన్ దేహమునకు దక్కని తీరున బంధింపబడియుండును, నయాసిన్‌గా మారదగిన ట్రిప్టోఫాన్ అందు కొరవడును. కాని జొన్నలో ఈ లోపములు అంత తీవ్రముగా కానరావు. మరి జొన్న తినువానికి ఈ రోగమేల? మొక్కజొన్నకును జొన్నకును సమానమైన గుణము మరొకటి గలదని, అది లూసిన్ అను అమైనో ఆమ్లముయొక్క ఆధిక్యమని, ఆ యాధిక్యము దేహములో నయాసిన్ వినియోగమును చెరచుచున్నదని గోపాలన్, శ్రీకాంతియా గార్లు 1960లో లాన్సెట్ పత్రికయందే ప్రతిపాదించిరి. ఆ ప్రతిపాదనకు పరీక్షగా కుక్కలకు జొన్న పెట్టిరి, నాలుక నల్లబారినది. 1967లో లూసిన్‌ను చేర్చిన తిండితోనే కుక్కపిల్లలయందు ఆ వ్యాధిని కల్పించి చూపిరి. విదేశీయులగు పరిశోధకులు 1978లో కుక్కలపై మరల ప్రయోగము చేసి, లూసిన్ దోషము తమకు కానరాలేదని వాదించిరి. ఆ వివాదము శాస్త్రగ్రంథములలో నేటికిని మిగిలియున్నది. జొన్న ఒక్కటియే కూడైన చోట రోగము పుట్టుననియు, దానికి తోడు పప్పో పాలో మాంసమో చేరిన చోట తొలగుననియు మాత్రము ఎవరును కాదనలేదు.

జొన్న చెడ్డదని నా మాట కాదు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యము వచ్చినది మొదలు జొన్న పేదల కంచమునుండి తొలగుచు వచ్చి, నేడు చిరుధాన్యమను గౌరవముతో సంపన్నుల కంచమున కూర్చున్నది. కుక్కల బిస్కెట్లలోను చేరినది. అది మంచి ధాన్యమే. ఒంటరిగా నిలువలేని ధాన్యము, అంతియే.

ఇట్లు కుక్క యొక్క తిండి మనుష్యుని తిండికి ముందుగా సంగతి చెప్పిన సందర్భములు చరిత్రలో పెక్కు గలవు. మొదటి ప్రపంచయుద్ధపు చివరి రోజులలో లండనులో ఎడ్వర్డ్ మెల్లన్‌బీ కుక్కపిల్లలను ఓటుధాన్యపు గంజితో పెంచగా వాటి కాళ్లు వంకరపోయినవి. కాడ్‌చేప నూనె చేర్చగా కుదిరినవి. పిల్లల రికెట్స్ రహస్యము అట్లు విడివడినది. అమెరికాలో జార్జి విపుల్ రక్తము తీసి పాలిపోజేసిన కుక్కలకు రకరకముల తిండి పెట్టి, కాలేయము తినినవాటికి రక్తము త్వరగా ఊరుటను గమనించెను. ఆ దారినే మానవులలోని ప్రాణాంతక పాండురోగమునకు కాలేయ చికిత్స పుట్టి, 1934లో ఆయనకు మైనాట్, మర్ఫీలతో కలిసి నోబెల్ బహుమానము తెచ్చినది. 1946లో మెల్లన్‌బీయే మరల, గోధుమపిండిని తెల్లజేయుటకు మిల్లులవారు వాడుచున్న ఎజీన్ అను వాయువువలన ఆ రొట్టె తినిన కుక్కలకు వెర్రిపరుగులు, మూర్ఛలు కలుగుచున్నవని చూపగా, మనుష్యుల రొట్టెలనుండి కూడ ఆ వాయువును తొలగింపవలసివచ్చినది.

ఇచ్చట మనవాని పేరు తలవక పోజాలను. 1895లో భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డులోను, తరువాత లెడర్లీ ప్రయోగశాలలోను కాలేయసారమునందలి రహస్యములను వెదకుటకే జీవితములో పెద్ద భాగము ధారవోసెను. ఆయన నాయకత్వమున 1945లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా సిద్ధమైనది. 1947లో బోదకాలుకు హెట్రజాన్ వెలువడినది. ఆ హెట్రజానే ఉత్తరకాలమున, కుక్కల గుండెలో చేరు తీగవంటి పురుగు రాకుండ దశాబ్దములపాటు నిత్యము వాడిన మందైనది. తెలుగువాని మేధ ఎన్ని కుక్కల ప్రాణము నిలిపినదో వాటి యజమానులకు తెలియనే తెలియదు.

సంచిలోని తిండి కథకు వత్తము. సిన్సినాటివాడగు జేమ్స్ స్ప్రాట్ అను అమెరికను, 1860 ప్రాంతమున లండనులో గోధుమపిండి, కూరగాయలు, బీటుదుంప, మాంసము కలిపి కాల్చిన కుక్కల బిస్కెట్టును అమ్మసాగెను. 1922లో గుఱ్ఱపు మాంసపు డబ్బాలు వచ్చినవి. రెండవ ప్రపంచయుద్ధమున రేకు కరువై డబ్బాలు తగ్గి పొడితిండి ప్రబలినది. 1957లో పిండిని ఆవిరితో ఒత్తి పొంగించి గుళికలుగా చేయు యంత్రవిధానమును ప్యూరినావారు కుక్కతిండికి తెచ్చిరి. నేడు మన దుకాణములలోని సంచులలో అధికభాగము ఆ విధానపు సంతతియే. దూరమునుండి వచ్చునవే యనుకొనవలదు. పెడిగ్రీ చేయు మార్స్ సంస్థవారి కర్మాగారము సిద్దిపేట జిల్లాలో నున్నది, దాని విస్తరణకు 500 కోట్ల రూపాయలు వెచ్చింతుమని 2021లో ప్రకటించిరి.

సంచి వెనుక పట్టికను చదువుట నేర్వదగిన విద్య. పదార్థములను వండకముందలి బరువు చొప్పున, ఎక్కువనుండి తక్కువకు వ్రాయుదురు. పచ్చి కోడిమాంసములో ముప్పాతికకు దగ్గరగా నీరే. కావున మొదట 'చికెన్' అని కనబడినను, నీరు పోయిన పిదప దాని స్థానము దిగజారవచ్చును. మొక్కజొన్న, మొక్కజొన్న గ్లూటెన్, మొక్కజొన్న తవుడు అని ఒకే ధాన్యమును మూడు పేర్లుగా విడదీసినచో, మూడును కలిపి చూడవలెను. పొడితిండిని తడితిండితో పోల్చువారు నీటిని తీసివేసి లెక్క కట్టవలెను: 8 శాతము మాంసకృత్తులు, 78 శాతము నీరు గల డబ్బాలో, మిగిలిన 22 పాళ్లలో 8 పాళ్లు, అనగా 36 శాతము మాంసకృత్తులున్నవి, 22 శాతమని వ్రాసిన పొడిసంచిలో, 10 శాతము తేమ పోగా, 24 శాతమే. నీరు తీసిన లెక్కన ఎదిగిన కుక్కకు కనీసము 18 శాతము, పెరుగు పిల్లకు 22.5 శాతము ఉండవలెనని అమెరికాలోని ఆహారనియంత్రణాధికారుల సంఘము నిర్ణయము.

ఆ 'క్రూడ్ ప్రోటీన్' అను అంకె నైట్రోజనును కొలిచి కట్టు లెక్కయే కాని, మాంసకృత్తును నేరుగా కొలుచుట కాదు. ఈ సందునుండియే 2007లో ఘోరము దూరినది. చైనానుండి వచ్చిన గోధుమ గ్లూటెనులో, నైట్రోజను అధికముగా గల మెలమిన్ అను ప్లాస్టిక్కు పరిశ్రమపు పదార్థమును కలిపి అంకెను పెంచిరి; ఉత్తర అమెరికాలో ఆ తిండి తినిన కుక్కలు, పిల్లులు మూత్రపిండములు చెడి మరణించగా, మెనూ ఫుడ్స్ సంస్థ ఆరు కోట్లకు పైగా డబ్బాలను, పొట్లములను వెనుకకు తీసికొనినది. మరుసటి యేడు ఆ మెలమినే చైనాలో పసిపిల్లల పాలపొడిలో బయటపడి, మూడు లక్షలమంది శిశువులను రోగగ్రస్తులను గావించినది. కుక్కల చావును చూచిననాడే పాలపొడిని పరీక్షించియుండినచో అందరు బిడ్డలకు ఆ బాధ తప్పియుండెడిదని తలచినపుడు నా మనస్సు కలుక్కుమనును.

అందుచేత ఇంట వండిపెట్టుదమను తల్లుల సంకల్పము సహజమైనది, మెచ్చదగినది. అయినను 2013లో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు పుస్తకములలోను అన్యత్రను దొరకు 200 ఇంటివంటకములను పరీక్షింపగా, 95 శాతమునందు ఏదో యొక అవసర పోషకము కొరవడినది. ప్రేమతో వండినంత మాత్రమున లోపము పూడదు.

అన్నము కుక్కకు తగదనుట అబద్ధము. పిండిపదార్థమును జీర్ణించు జన్యువు తోడేలుకు రెండు ప్రతులే యుండగా కుక్కకు నాలుగునుండి ముప్పదివరకు ఉన్నవని 2013లో 'నేచర్' పత్రికలో వెలువడిన పరిశోధన తేల్చినది. మన ముద్దను పంచుకొనియే కుక్క కుక్కయైనది. పదికిలోల బరువుగల ఆరోగ్యవంతమైన పెద్దకుక్కకు దినమునకు సుమారు 600 కాలరీలు కావలెను. పంజాగుట్ట మార్కెట్టులో ఎముక తీసిన కోడిమాంసము 200 గ్రాములు కొని, ఉప్పుకారములు లేక నీళ్లలో ఉడికించి, అంతే బరువు మెత్తని అన్నము, ఉడికిన గుమ్మడియో క్యారెట్టో గుప్పెడు, ఒక చిన్న చెంచా నూనె కలిపినచో రమారమి ఆ లెక్క సరిపోవును. దానిని రెండు పూటలుగా పెట్టవలెను. ఇంతటితో ఆగువారే అధికము, తప్పు జరుగునదియు నిచ్చటనే. మాంసములో భాస్వరము మెండు, సున్నము బహుస్వల్పము. ఎముక కొరుకని కుక్కకు ఆ సున్నము వేరే చేర్చనిచో, దేహము తన యెముకలనుండియే దానిని లాగుకొనును. కోడిగుడ్డు పెంకులను కడిగి, మరగించి, పెనముమీద తడి యారునట్లు వేయించి, మిక్సీలో గోధుమపిండివలె మెత్తగా కొట్టిన పొడి, పైన చెప్పిన దినపు తిండికి అర టీచెంచాకు కొంచెము తక్కువ చాలును. జింకు, అయోడిను, డి, ఇ విటమినులు ఇంకను కొరవడును గనుక పశువైద్యుని అడిగి ఖనిజముల మిశ్రమము చేర్చవలెను. పెరుగు వయస్సు పిల్లలకు, చూలు కుక్కలకు, మూత్రపిండముల జబ్బు గలవాటికి ఈ కొలతలు పనికిరావు. వాటికి వైద్యుడు వ్రాసినదే పెట్టవలెను.

చిరుతిండికి మాత్రము జొన్నను పిలువవచ్చును, దాని లోపము తీర్చు తోడుతో. కోడి కార్జము నూరు గ్రాములు ఉడికించి మెదిపి, ఉడికిన చిలగడదుంప అరకప్పు, గుడ్డు ఒకటి, జొన్నపిండి ఒక కప్పు చేర్చి, నీరు పోయకుండ ముద్దచేయవలెను. పిండి చేతికి అంటుకొనుచుండిన ఇంకొక పిడికెడు పిండి. చిన్నచిన్న బిళ్లలుగా తట్టి, దోసెపెనముమీద సన్నని సెగను రెండువైపుల తేమ పోవువరకు కాల్చిన, చల్లారిన పిదప విరుచుటకు వీలుగా గట్టిపడును. కార్జపు వాసనకు కుక్క వంటింటి గడప విడువదు. కార్జమందు నయాసిన్ సమృద్ధిగా నున్నది, ఏ విటమిను మితిమీరి యున్నది; అందుచే మొత్తము తిండిలో ఇరువదవ వంతు మించి కార్జము పెట్టరాదు. చిరుతిండ్లన్నియు కలిసి దినపు కాలరీలలో పదవవంతు దాటరాదు. ఫ్రిజ్జులో నాలుగైదు దినములు నిలువయుండును.

ఇక పెట్టరానివి. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణములను పగులగొట్టును. ఉడికించినను వేయించినను ఆ గుణము పోదు. ద్రాక్ష, పాయసములోని కిస్‌మిస్ మూత్రపిండములకు చేటు. చాక్లెట్టు గుండెకు చేటు. చక్కెర లేని చూయింగ్ గమ్ములోని జైలిటాల్ కొద్ది నిమిషములలోనే రక్తమునందలి చక్కెరను పడద్రోయగలదు. ఉడికిన కోడియెముక చీలి కంఠమునను పేగులను గుచ్చుకొనును. బిర్యానీ పొట్లములో ఈ దోషములు కనీసము రెండు మూడు ఒక్కచోట కూడియుండును.

1992లో అక్కినేని అమల, నాగార్జున దంపతులు నెలకొల్పిన బ్లూ క్రాస్ వంటి సంస్థలు గాయపడిన వీథికుక్కలను ఆదుకొనుచున్నవి. కాని ప్రతిరాత్రి ఆ కుక్కల నోటికందు ముద్ద మన హాస్టళ్ల మెస్సుల చేతిలో నున్నది. అమీర్‌పేట మెస్సుల నిర్వాహకులకు నా మనవి ఒక్కటే: సాంబారు కలుపుటకు ముందే ఒక గిన్నెడు వట్టి అన్నము తీసియుంచి, అందులో రెండు ఉడికిన గుడ్లో, ఉప్పులేని పప్పో కలిపి పెట్టించుడు. ఇంట కుక్క గలవారు, దాని చిగుళ్లు తెల్లబారి మూత్రము ఎఱ్ఱబడిన యెడల, గడచిన వారములో అది ఏమేమి తినినదో గుర్తు తెచ్చుకొని పశువైద్యునికి మొట్టమొదట చెప్పుడు. ఉల్లి తినిన విషలక్షణములు తరచుగా కొన్ని దినములు గడచిన పిమ్మట గాని బయటపడవు.